టికెట్టు ఎవరి ఖాతాలో? డెవలపర్ కాన్ఫరెన్సుల లాభనష్టాలపై ఒక సమీక్ష

సాఫ్ట్‌వేర్ డెవలపర్ల కాన్ఫరెన్సుకు వెళ్లడం దండగా, పండగా అన్న వాదన చాలా ఏళ్లుగా సాగుతోంది. ప్రసంగాల వీడియోలు ఊరికే దొరకడం మొదలయ్యాక అది ఒక మలుపు తిరిగింది. కోవిడ్ కాలంలో ఇంకో మలుపు, అడిగిందానికల్లా జవాబు చెప్పే ఏఐ వచ్చాక మూడో మలుపు. ప్రతిసారీ కొత్త వాదనలు వచ్చి చేరాయే గాని పాతవి సెలవు తీసుకోలేదు. దాంతో ఇవాళ ఈ విషయం మీద పోట్లాడుకునే ఇద్దరిని కూర్చోబెట్టి వింటే, ఒకరు ఆపిల్ వారి వార్షిక సభను, ఇంకొకరు ఇంజినీరింగ్ కాలేజీ హాల్లో స్వచ్ఛంద కార్యకర్తలు జరిపే సభను మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారని తేలుతుంది.

ఈ చర్చలో వినిపించే గొంతులు ఎక్కువగా బెంగళూరువి, హైదరాబాద్‌వి, శాన్‌ఫ్రాన్సిస్కోవి. సభ జరిగే ఊళ్లో ఉన్నవారికి లాభనష్టాల లెక్క ఒకలా ఉంటుంది, రైలెక్కి రావాల్సినవారికి ఇంకోలా ఉంటుంది. అందుకే ఈ సమీక్ష సిల్తారా వైపు నుంచి చూస్తుంది. రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రోడ్డు మీద ఉన్న ఈ పారిశ్రామిక వాడలో స్పాంజ్ ఐరన్ కిల్నులు, రోలింగ్ మిల్లులు, ఫెర్రో అల్లాయ్ ఫర్నేసులు, క్యాప్టివ్ పవర్ ప్లాంట్లు ఉన్నాయి. ఇక్కడి సాఫ్ట్‌వేర్ అంటే వేబ్రిడ్జి మీద లారీ బరువు పట్టుకునే ప్రోగ్రాము, ట్యాలీకి తగిలించిన అదనపు మాడ్యూళ్లు, ఈఆర్‌పీ, కంట్రోల్ రూములో యంత్రాలను గమనించే స్కాడా తెరలు. భిలాయి ఉక్కు కర్మాగారం కోసమో, రైల్వే కొలువు కోసమో వచ్చి ఛత్తీస్‌గఢ్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల తరవాతి తరానికి ఇవి అందుబాటులో ఉన్న కొలువులు. వీళ్లను ఎవరూ కాన్ఫరెన్సు ప్రేక్షకులుగా లెక్కలోకి తీసుకోరు.

గదిలో 50 మంది నుంచి లాటరీ దాకా

1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యంలో ఒక సభ జరిగింది. వచ్చినవారు సుమారు 50 మంది. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అన్న పేరు స్థిరపడింది అక్కడే. ఆ ఏడాదే డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ దాదాపు వెయ్యి మంది ముందు 90 నిమిషాల పాటు మౌస్‌ను, తెర మీద దిద్దుకునే వచనాన్ని, దూరాన ఉన్న మనిషితో వీడియోలో మాట్లాడటాన్ని చూపించాడు. ఒకటి గదిలో కూర్చుని వాదించుకున్న సభ, ఇంకొకటి చీకటి హాల్లో చూసి నోరెళ్లబెట్టిన ప్రదర్శన. తరవాత వచ్చిన కాన్ఫరెన్సులన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకదాని వైపు మొగ్గినవే.

కంపెనీలు ప్రదర్శన దారి పట్టాయి. ఆపిల్ 1983 నుంచి డెవలపర్లను పిలుస్తోంది. గూగుల్ 2008లో ఐ/ఓ మొదలుపెట్టింది. ఆపిల్ సభకు టికెట్టు 1,599 డాలర్లు పలికిన రోజుల్లో, 2013లో అవన్నీ రెండు నిమిషాల్లోపు అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాది నుంచి లాటరీ పెట్టారు. 2020లో కోవిడ్ వల్ల అదే సభను ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టాల్సి వచ్చింది. అంతకు ముందు లాటరీలో పేరు రాక బాధపడ్డవారు, ఇంట్లో కూర్చుని చూశాక, పోగొట్టుకున్నది ఏమిటని ఆలోచనలో పడి ఉంటారు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వర్గాలది గది దారి. బ్రసెల్స్‌లో ఏటా జరిగే ఫోస్‌డెమ్‌కు టికెట్టూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. పైథాన్ భాష వాడేవారి పైకాన్ 2003లో వాషింగ్టన్‌లో మొదలైంది. ప్రసంగించేవారు, నిర్వాహకులు కూడా టికెట్టు కొనుక్కునే రావడం అక్కడ చాలా ఏళ్లు సాగిన ఆనవాయితీ. మన దేశంలో 2001లో లినక్స్ బెంగళూరుగా మొదలై ఫోస్.ఇన్‌గా మారిన సభ 2012 దాకా నడిచింది. పైకాన్ ఇండియా 2009లో బెంగళూరు ఐఐఎస్‌సీలో పుట్టింది, రూబీకాన్ఫ్ ఇండియా 2010లో వచ్చింది. అదే ఏడాది మొదలైన హ్యాస్‌గీక్ అనే సంస్థ ప్రసంగాల ప్రతిపాదనలను బహిరంగంగా చర్చకు పెట్టే పద్ధతి తెచ్చింది. 

తెలుగు నేల మీద 2006లో తెరుచుకున్న హెచ్‌ఐసీసీ సమావేశ మందిరం పెద్ద సభలను హైదరాబాద్‌కు రప్పించింది. 2018 ఫిబ్రవరిలో ప్రపంచ ఐటీ కాంగ్రెస్ అక్కడే జరిగింది. ఆ ఏడాదే పైకాన్ ఇండియా కూడా హైదరాబాద్ వచ్చింది. కోవిడ్ తరవాత మళ్లీ ముఖాముఖి సభగా ఆ పైకాన్ జరిగింది కూడా హైదరాబాద్‌లోనే, 2023లో, జేఎన్‌టీయూలో. ఐటీ కాంగ్రెస్‌లో మంత్రులు, సీఈఓలు, సోఫియా అనే రోబో వార్తలకెక్కారు. పైకాన్‌లో పేరున్నవారి పక్కనే విద్యార్థులూ టీ కప్పులతో నిలబడతారు. రెండింటినీ కాన్ఫరెన్సు అనే పిలుస్తాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

వినడానికే అయితే ప్రయాణం దేనికి?

మొదటి వర్గం వాదన పాతది: కాన్ఫరెన్సు నేర్చుకునే చోటు. ఒక లైబ్రరీని రాసిన మనిషే వచ్చి, ఎందుకలా రాశాడో చెబితే పుస్తకంలో లేనిది దొరుకుతుంది. నిజమే. కాని 2005లో యూట్యూబ్ వచ్చాక ఈ వాదన క్రమంగా బలం కోల్పోయింది. పైకాన్, ఫోస్‌డెమ్, హ్యాస్‌గీక్ సభల ప్రసంగాలు చాలావరకు నెట్‌లో పడి ఉన్నాయి. వీడియోను ఆపవచ్చు, వెనక్కి జరపవచ్చు, నచ్చకపోతే మూసేయవచ్చు. హాల్లో మూడో వరసలో ఇరుక్కున్నవాడికి ఆ వెసులుబాటు లేదు.

దీనికి సమర్థకులు ఇచ్చే జవాబు ఒక్కటే. వీడియో ఉంది సరే, చూశారా? సేవ్ చేసుకున్న ప్రసంగాల చిట్టా పెరుగుతూ పోతుంది. రెండు రోజులు పని మానుకుని ఇంకో ఊరు వెళ్లినవాడు కనీసం కూర్చుని వింటాడు. ఇది మనిషి బద్ధకం మీద నిలబడ్డ వాదన. అయినా కొట్టిపారేయడానికి లేదు. అయితే దీనికోసం విమానం టికెట్టు కొనడం కంటే శనివారం మధ్యాహ్నం ఫోన్ ఆపేయడం చవక.

భాష సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మన దేశంలో పెద్ద సభలు నడిచేది ఇంగ్లీషులో. రాయ్‌పూర్ డెవలపర్ రోజంతా హిందీలో, ఇంట్లో తెలుగులో, కోడ్‌లో ఇంగ్లీషులో బతుకుతాడు. వేగంగా సాగే ఇంగ్లీషు ప్రసంగం కంటే కింద అక్షరాలు పడే వీడియో అతనికి ఎక్కువ ఉపయోగం. హైదరాబాద్‌లో 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ ఇంజినీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలు కట్టి, మన విద్యార్థులకు మన వాతావరణంలో శిక్షణ ఇచ్చే దారి ఎంచుకోవడానికి ఈ సమస్య కూడా ఒక కారణమనుకోవచ్చు.

వరండాలో దొరికేది

రెండో వర్గం ప్రసంగాల ఊసే ఎత్తదు. అసలు సభ బయట వరండాలో జరుగుతుందని వారి వాదన. అమెరికాలో హారిసన్ ఓవెన్ అనే ఆయన ఒక సమావేశాన్ని ఏడాది పాటు కష్టపడి ఏర్పాటు చేస్తే, అందరికీ నచ్చింది మధ్యలో కాఫీ విరామాలేనట. దాంతో 1985లో సభ మొత్తాన్నీ విరామంలా నడిపే ఓపెన్ స్పేస్ పద్ధతి తెచ్చాడు. 2005లో పాలో ఆల్టోలో పుట్టిన బార్‌క్యాంప్ కూడా ఆ దారిలోదే. అది కొద్దికాలంలోనే మన నగరాలకూ పాకింది.

వరండాలో ఏం దొరుకుతుందో సిల్తారా ఉదాహరణతో చూద్దాం. కిల్నులోని థర్మోకపుల్ (వేడిని కొలిచే సెన్సరు) ఉష్ణోగ్రతను, యంత్రాలు డేటా పంపుకునే మోడ్‌బస్ పద్ధతి ద్వారా పైథాన్ ప్రోగ్రాముతో చదువుతున్నారనుకోండి. దశాంశంతో ఉన్న విలువ 32 బిట్లది. మోడ్‌బస్ రిజిస్టరులో పట్టేది 16 బిట్లే. కాబట్టి విలువ రెండు ముక్కలై రెండు రిజిస్టర్లలో కూర్చుంటుంది. ఏ ముక్క ముందు, ఏది వెనక అన్నది తయారీదారును బట్టి మారుతుంది. వరస తప్పితే 1000 డిగ్రీల దగ్గర ఉండాల్సిన అంకె తెర మీద సున్నాకు దగ్గరగానో, కోట్లలోనో కనిపిస్తుంది. సెన్సరు పాడైందనుకుని మార్పిస్తారు, వైరింగ్ విప్పి చూస్తారు, షిఫ్టు ఇన్‌చార్జి మీద అరుస్తారు. ఇదివరకు ఈ దెబ్బ తిన్నవాడు పక్కన నిలబడితే, తెర చూసిన అర నిమిషంలో రెండు ముక్కలూ తారుమారు చేసి చదవమంటాడు. ఇలాంటి విషయం మీద ఎవరూ ప్రసంగం పెట్టరు. పెట్టినా దాన్ని ఎంపిక చేసేవారు తక్కువ.

అయితే ఇదే జవాబు 2008 నుంచి స్టాక్ ఓవర్‌ఫ్లోలో దొరుకుతోంది, ఇప్పుడు ఏఐ చెబుతోంది. అడగాల్సిన ప్రశ్న ఏమిటో తెలిసినవాడికి వరండా అక్కర్లేదు. తెలియనివాడికే కావాలి. సెన్సరు పాడైందని గట్టిగా నమ్మినవాడు సెన్సరు గురించే అడుగుతాడు, ఏఐ కూడా సెన్సరు గురించే చెబుతూ పోవచ్చు. ఎదుటి మనిషైతే ఉన్నట్టుండి అడ్డుతగిలి, అసలు డేటా ఎలా వస్తోందని అడుగుతాడు. ఆ అడ్డుతగలడమే వరండా విలువ.

ఈ వాదనకు పరిశోధనల అండ కొంత ఉంది, చాలావరకు సాఫ్ట్‌వేర్ బయటి నుంచి. తెలిసీ తెలియని పరిచయాల ద్వారానే ఉద్యోగాల కబుర్లు ఎక్కువగా అందుతాయని మార్క్ గ్రానోవెట్టర్ 1973లోనే చెప్పాడు. హార్వర్డ్ వైద్య పరిశోధకులపై జరిపిన ఒక ప్రయోగంలో, 90 నిమిషాలు ఒకే గదిలో ఉన్న జంటలు కలిసి గ్రాంటుకు దరఖాస్తు చేసే అవకాశం 75 శాతం పెరిగింది. ఏ జంటకైనా ఆ అవకాశం ముందే చాలా చిన్నదని మరిచిపోకూడదు. 2012లో ఐజాక్ తుఫాను వల్ల న్యూ ఓర్లీన్స్‌లో అమెరికా రాజనీతిశాస్త్ర మహాసభ రద్దయింది. అక్కడ చదవాల్సిన పత్రాలు ఆ తరవాత ఎంతగా ఉదహరింపబడ్డాయో లెక్కగట్టిన ఇద్దరు ఆర్థికవేత్తలు, సభ జరగకపోవడం వాటికి నష్టమే చేసిందని తేల్చారు. 2022లో నేచర్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం వీడియో కాల్‌లో కంటే ఎదురెదురుగా కూర్చున్నప్పుడే కొత్త ఆలోచనలు ఎక్కువ పుడతాయని చూపింది.

వీటిలో ఒక మెలిక ఉంది. తుఫాను కథలో నష్టపోయినవారు పత్రం చదవాల్సినవారు, వినడానికి టికెట్టు కొన్నవారు కాదు. హార్వర్డ్ ప్రయోగంలో గదిలో ఉన్నవారందరూ పని ఉన్న పరిశోధకులు. చేతిలో ఏమీ లేకుండా వరండాలో తిరిగేవాడికి ఎంత దక్కుతుందో ఈ లెక్కలు చెప్పవు.

కబుర్లు కట్టిపెట్టి కోడ్ రాద్దాం

మూడో వర్గం చిన్నది, వారి పట్టుదల మాత్రం పెద్దది. సభంటే కలిసి పనిచేయడమని వారి మాట. పైకాన్ ప్రసంగాలు ముగిశాక స్ప్రింట్ల పేరుతో ఒక్కో ప్రాజెక్టు చుట్టూ జట్లు కూర్చుని కోడ్ రాస్తాయి. ఫోస్.ఇన్ కూడా చివరి ఏళ్లలో ప్రసంగాలను తగ్గించి పనిని పెంచింది. చూసి పోయే జనం వద్దు, చేసేవాళ్లు రండి అన్నది దాని ధోరణి. అలాంటి సభకు జనం తగ్గుతారని వేరే చెప్పక్కర్లేదు.

తెలుగువారి అనుభవంలో ఇందుకు దగ్గరగా వచ్చేది 2011లో సిలికానాంధ్ర చొరవతో సిలికాన్ వ్యాలీలో జరిగిన అంతర్జాల తెలుగు సదస్సు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూనికోడ్ కన్సార్టియంలో సభ్యత్వం తీసుకోవడం, ఉచిత తెలుగు ఫాంట్లు విడుదల కావడం ఆ చుట్టుపక్కల ఏళ్లలోని సంగతులే. సదస్సు జరగకపోతే ఫాంట్లు వచ్చేవి కావా? అలా అనలేం. కాని ప్రభుత్వమూ, ఫాంట్లు గీసేవారూ, కోడ్ రాసేవారూ ఒకచోట చేరితే పని జరుగుతుందనడానికి అది మంచి సాక్ష్యం. ప్రసంగాల్లో ఎవరేం చెప్పారో ఇవాళ ఎవరికీ గుర్తు లేకపోయినా, ఆ ఫాంట్లు మాత్రం పెళ్లి పత్రికల దాకా వెళ్లాయి.

జాతర అనేవాళ్లు

విమర్శకుల మాట కూడా వినాలి. స్పాన్సర్ స్టాళ్లు, ఉచిత టీషర్టులు, వేదిక మీద డబ్బిచ్చిన కంపెనీ ఉత్పత్తి గురించి అరగంట స్తోత్రం. ఏ ఊరి సభకు వెళ్లినా అవే ముఖాలు. 2023 నవంబరులో డెవ్‌టెర్నిటీ అనే ఆన్‌లైన్ సభ వక్తల జాబితాలో అసలు ఉనికిలోనే లేని మహిళలను చూపించారన్న ఆరోపణలు వచ్చాయి. పేరున్న వక్తలు తప్పుకున్నారు, సభ రద్దయింది. వక్తల జాబితా ఎంతవరకు అలంకారమో ఆ ఉదంతంతో అందరికీ తెలిసొచ్చింది.

ఈ వర్గంలోనే ఇంకో పాయ ఉంది, న్యాయం సంగతి అడిగేది. సభకు ఎవరు రాగలరు? కంపెనీ డబ్బిచ్చేవారు, ఇంట్లో చంటిపిల్లల బాధ్యత లేనివారు, విదేశీ సభలైతే వీసా దొరికేవారు. ఉపకార వేతనాలు దీన్ని కొంత సరిచేస్తాయి. 2023 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో వికీకాన్ఫరెన్స్ ఇండియా జరిగినప్పుడు, చిన్న ఊళ్ల నుంచి వచ్చిన వికీపీడియన్లకు ప్రయాణం, బస నిర్వాహకులే చూసుకున్నారు. ఉక్కు కర్మాగారంలో కోడ్ రాసేవాడి కోసం అలాంటి నిధి పెట్టినవారు కనబడరు.

ఖర్చు యజమానిది, లాభం ఉద్యోగిది

నా దృష్టిలో ఈ చర్చ తెగకపోవడానికి అసలు కారణం ఇక్కడుంది. గ్యారీ బెకర్ అనే ఆర్థికవేత్త 1964లో మానవ పెట్టుబడి మీద రాసిన పుస్తకంలో శిక్షణను రెండుగా విడగొట్టాడు. ఒక కంపెనీలోనే పనికొచ్చేది ఒకటి, ఎక్కడికి వెళ్లినా వెంట వచ్చేది రెండోది. రెండో రకానికి యజమాని డబ్బు పెట్టడు, ఎందుకంటే నేర్చుకున్నవాడు మర్నాడే ఇంకోచోటికి పోవచ్చు. కాన్ఫరెన్సులో దొరికే జ్ఞానమైనా, పరిచయాలైనా పూర్తిగా రెండో రకమే.

మరి హైదరాబాద్ కంపెనీలు ఎందుకు పంపిస్తాయి? అక్కడ నిరంతరం మనుషులు కావాలి. సభలో తమ ఉద్యోగి ప్రసంగిస్తే అది ఉద్యోగ ప్రకటన కింద లెక్క. పోయేవారు పోయినా వచ్చేవారు వస్తారు. సిల్తారాలో లెక్క తిరగబడుతుంది. ఒక ప్లాంటులో ప్రోగ్రామింగ్ తెలిసినవారు ఇద్దరో ముగ్గురో. అందులో ఒకరిని మూడు రోజులు పంపిస్తే వేబ్రిడ్జి ఆగినప్పుడు ఫోన్ ఎత్తేవాడు ఉండడు. గేటు బయట లారీలు బారులు తీరతాయి. పైగా పంపినవాడు అక్కడ ఇంకో ఉద్యోగం చూసుకుని వస్తాడేమోనన్న భయం. ఆ భయం అన్యాయమైంది కాదు. కాన్ఫరెన్సు బాగా పనిచేస్తే జరిగేది అదే.

ఉద్యోగి వైపు నుంచి చూస్తే సొంత డబ్బుతో వెళ్లాలి, సెలవు పెట్టాలి. సికింద్రాబాద్‌కు నాగ్‌పూర్, బల్లార్షా మీదుగా రాత్రంతా రైల్లో, బెంగళూరుకైతే ఒక రోజు పైనే. టికెట్టు కంటే బస ఖర్చు ఎక్కువ. కాని దక్కేది కూడా అతనికే ఎక్కువ. హైదరాబాద్‌లో ఉన్నవాడికి వారాంతాల్లో ఏదో ఒక మీటప్ దొరుకుతుంది, పక్క సీట్లోనే నలుగురు డెవలపర్లు ఉంటారు. కాన్ఫరెన్సులో పరిచయమయ్యే 20వ మనిషి అతనికి అంత ముఖ్యం కాదు. తన పని అర్థమయ్యే మనిషే చుట్టుపక్కల లేని సిల్తారా డెవలపర్‌కు మొదటి పరిచయమే గొప్ప. దూరం పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది, లాభమూ పెరుగుతుంది. దండగ అనే హైదరాబాదీ, వెళ్లాల్సిందే అనే రాయ్‌పూరీ ఇద్దరూ తమతమ లెక్కలో సరిగ్గానే ఉన్నారు.

పక్కపక్కన పెట్టి చూస్తే

కంపెనీలు నడిపే పెద్ద సభల విషయంలో తీర్పు సులువు: ఇంట్లో చూస్తే చాలు. ఆ కంపెనీ మీదే వ్యాపారం ఆధారపడినవారికి తప్ప ప్రయాణం అనవసరం. పైకాన్ వంటి సముదాయాల సభలకు మొదటిసారి వెళ్లడం సమర్థనీయమే. రెండోసారి మాత్రం ప్రసంగమో, స్ప్రింటో, వెంటాడుతున్న సమస్యో ఏదో ఒకటి చేతిలో ఉండాలి. స్టాళ్ల కోసం వెళ్లే సభ ఉద్యోగం వెతుక్కునేవారికి పనికొస్తుంది, నేర్చుకోవాలనుకునేవారికి కాదు. నెలనెలా ఒకే ఊళ్లో కలిసే చిన్న మీటప్ ఈ మూడింటికంటే చవక. ఏడాది పొడవునా చూస్తే ఎక్కువ ఫలితం ఇచ్చేది కూడా బహుశా అదే. అది ఉన్న ఊళ్లో ఉండటం వేరే అదృష్టం.

రాయ్‌పూర్‌కు ఆ అదృష్టం పట్టకపోవాల్సిన పని లేదు. ఎన్‌ఐటీ ఉంది, 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ నయా రాయ్‌పూర్ ఉంది, పక్క జిల్లాలో ఐఐటీ భిలాయి ఉంది. ప్లాంటులో ఉన్న సమస్య, కాలేజీలో ఉన్న తీరిక ఒకచోట కూర్చోవడానికి హెచ్‌ఐసీసీ అక్కర్లేదు. ఇద్దరు ఉద్యోగులను బెంగళూరు పంపే ఖర్చుతో అనుభవజ్ఞుడొకరిని ఇక్కడికే పిలిచి, నాలుగు ప్లాంట్ల వాళ్లు కలిసి ఒక రోజు కూర్చోవచ్చు. పోటీ కంపెనీల వాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఎంత కష్టమో వాడ తెలిసినవారికి తెలుసు, అది వేరే మాట.

ఇంకా తేలనివి

సగం హాలు, సగం ఆన్‌లైన్ సభలు కోవిడ్ తరవాత వచ్చాయి. ఆన్‌లైన్‌లో ఉన్నవారు చివరికి వీడియో ప్రేక్షకులుగానే మిగిలిపోతున్నారన్న అసంతృప్తికి మందు దొరకలేదు. ఏఐ వల్ల సభలు తగ్గుతాయా, లేక తెర ముందు ఒంటరిగా పనిచేసే గంటలు పెరిగి మనుషులను వెతుక్కుంటూ వెళ్లడం ఎక్కువవుతుందా అన్నదానికి రెండు వైపులా నమ్మకాలే ఉన్నాయి. దూరాల పటం కూడా మారుతోంది. 2024 సెప్టెంబరులో దుర్గ్ నుంచి రాయ్‌పూర్ మీదుగా విశాఖపట్నానికి వందే భారత్ మొదలైంది, ప్రయాణం సుమారు 8 గంటలు. విశాఖలో సభలు ఊపందుకుంటే రాయ్‌పూర్ తెలుగు డెవలపర్లకు హైదరాబాద్ కంటే అదే దగ్గర.

చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వెళ్లమని పైన అన్నాం. సిల్తారాలో అది కూడా అంత తేలిక కాదు. కిల్ను ఉష్ణోగ్రతలు, వేబ్రిడ్జి తూకాలు, కరెంటు వాడకం ఇవన్నీ యజమాని వ్యాపార రహస్యాలు. వాటి మీద రాసిన కోడ్ గురించి వేదికెక్కి చెప్పాలంటే రాతపూర్వకమైన అనుమతి కావాలి. బెంగళూరు కంపెనీల్లో ఇందుకు ఒక ఫారం, ఒక లీగల్ విభాగం ఉంటాయి. ఇంతవరకు ఎవరూ అలా అడగని ప్లాంటులో ఆ కాగితం పట్టుకుని ఐటీ మేనేజరు దగ్గరికి వెళ్లాలా, ప్రొడక్షన్ హెడ్ దగ్గరికా, నేరుగా డైరెక్టరు దగ్గరికా అన్నది అడిగి చూస్తే గాని తెలియదు.